తీగల కూడలి

నేడు నేను ప్రస్తావింపబూనిన వస్తువు చూచుటకు మిక్కిలి చిన్నది. తాంబూలపు పెట్టెకంటె కొంచెము పొడవుగా నుండును. ముందువైపున ఎనిమిదో, ఇరువదినాలుగో చదరపు రంధ్రములు కలిగి, ఒక్కొక్క రంధ్రముకడ ఆకుపచ్చని చిన్నదీపము మినుకుమినుకుమనుచుండును. బ్యాంకునకు పోయినను, రిజిస్ట్రారు కచేరికి పోయినను, పల్లెలోని సచివాలయమునకు పోయినను ఏ మూలనో గోడకు తగిలింపబడి యిది కనబడును. దీని పేరు ఈథర్నెట్ స్విచ్చి. దీపమును వెలిగించు స్విచ్చి వేరు, ఇది వేరు. కచేరిలోని కంప్యూటర్ల తీగలన్నియు వచ్చి యిందులో కలియును. ఏ కంప్యూటరు పంపిన వార్త ఏ కంప్యూటరునకు చేరవలెనో ఇది చూచి త్రోవ యిచ్చును. భూమి పత్రమైనను, వృద్ధాప్యపు పింఛనైనను, మనుమని పరీక్షాఫలితమైనను దీనిగుండ పోవలసినదే. ఇది నిలిచిపోయిననాడు గుమాస్తా "నెట్టు లేదు, రేపు రండి" అనును. ఆ మాట విని యెండలో వెనుకకు నడచినవారు మన పల్లెలలో పెక్కుమంది. కావున దీని చరిత్రము మనకు పరాయిది కాదు.

ఆంగ్లభాషలో స్విచ్చి యను మాట కరెంటు తీగలకంటె ముందు రైలుపట్టాలకు చెల్లినది. బండిని ఒక దారినుండి మరియొక దారికి మరల్చు కదలెడు పట్టాముక్కను అమెరికావారు నేటికిని ఆ పేరనే పిలుతురు. మన రైల్వేవారు పాయింట్సు అందురు. మదరాసు రైల్వేవారు రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు తొలిబండిని నడపినది 1856 జూలై 1వ తేదీన. అరక్కోణముకడ వాయవ్యముగా చీలిన శాఖ 1862లో రేణిగుంట చేరి, తరువాత కోడూరు, రాజంపేట, నందలూరు, కడపల మీదుగా సాగి, 1871లో రాయచూరుకడ బొంబాయినుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసినది. అది బహుకాలము ఒంటిదారి. ఎదురెదురుగా వచ్చు రెండు బండ్లలో నొకటి స్టేషనులోని ప్రక్కపట్టామీద నిలిచి రెండవదానికి దారి విడువవలెను. అందుకొరకు స్టేషనుమాష్టరు తంతిమీద ముందరి స్టేషనువారిని అడిగి అనుమతి పొందును. పాయింట్సుమను లీవరు లాగి పట్టాను మరల్చును. అడిగిన వేళ, ఒప్పుకొన్న వేళ, బండి దాటిన వేళ పుస్తకమున వ్రాయబడును. ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ యనునతడు పాయింట్సును, సిగ్నళ్లను ఒకదానితో నొకటి పెనవేసి, దారి సరిగా నమరనిదే సిగ్నలు పడకుండునట్లు చేసి పేటెంటు పొందినదికూడ ఆ 1856వ సంవత్సరముననే. అడుగుట, మరల్చుట, వ్రాయుట అను నీ మూడుపనులును రాజంపేటవంటి స్టేషనులో మూడుచేతుల మీదుగా జరిగినవి. తరువాతి నూటయేబదియేండ్ల చరిత్రమంతయు ఈ మూడుపనులు ఒక్కొక్కటిగా యంత్రములోనికి దిగిపోయిన కథయే.

తంతి సంగతి యెక్కువ చెప్పబనిలేదు. మనదేశమున 1855లో సామాన్య జనులకు తెరువబడి 2013 జూలైలో మూయబడినది. టెలిఫోను మాత్రము కూడలిలేనిదే బ్రతుకలేనిది. పదిమంది యిండ్లలో పది ఫోనులున్నచో, ప్రతియింటినుండి తక్కిన తొమ్మిదిండ్లకును తీగ లాగుటకు నలుబదియైదు తీగలు కావలెను. నూరిండ్లయినచో నాలుగువేల తొమ్మిదివందల యేబది కావలెను. తీగలన్నిటిని ఒకచోటికి చేర్చి, అడిగినప్పుడు అడిగినవానితో కలిపినచో నూరిండ్లకు నూరు తీగలు చాలును. కూడలి పుట్టుటకు కారణమిదియే. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములలో తొలి టెలిఫోను ఎక్స్‌చేంజీలు తెరువబడినవి. అచ్చట బోర్డు ముందర కూర్చున్న మనుష్యుడు, పిలిచినవారి తీగను, పిలువబడినవారి తీగను త్రాడుతో కలిపెడివాడు.

ఈ చేతిబోర్డు తాలూకా పట్టణములలో చాలకాలము నిలిచినది. ట్రంకుకాలు బుక్కుచేసి పోస్టాఫీసు అరుగుమీద సగముదినము కూర్చుండిన పెద్దలు నేటికిని కలరు. ఆ పద్ధతిలో సుఖము లేకపోలేదు. డాక్టరుగారికి ఫోను కలుపుమన్న, "ఆయన నందలూరు పోయినారు, సాయంకాలము వత్తురు" అని బోర్డుమీదివారు చెప్పగలరు. యంత్రమునకు ఆ తెలివి లేదు. కాని కలుపువాడు వినగలడు, వినినది చెప్పగలడు, ఒకరిని ముందు కలిపి మరియొకరిని కాచికొనియుండుమనగలడు. ఊరిలో ఎవరికి ఎవరితో పనియున్నదో ఆతనికి తెలియును. త్రోవ చూపు పని నిర్వహించువాని చేతిలో ఎంత అధికారమున్నదో అప్పుడు అందరికిని కంటికి కనబడెడిది. నేటి పెట్టెలోను అంత అధికారమున్నది, కనబడకపోవుటయే భేదము.

ఆ అధికారమును మొదట తప్పించినవాడు ఒక శవసంస్కారపు సామగ్రి వర్తకుడనుట వింతగా నుండును. అమెరికాలో కాన్సస్ సిటీ యను పట్టణమున ఆల్మన్ స్ట్రోజరు ఆ వృత్తిలో నుండెను. ఎక్స్‌చేంజిలో పనిచేయు స్త్రీ తన ప్రత్యర్థికి కావలసినదై, తనకు రావలసిన పిలుపులను అతనికి కలుపుచున్నదని స్ట్రోజరు అనుమానపడెనని కథ కలదు. కథ నిజమో కాదో గాని, పిలుచువాడే అంకెలచే తన త్రోవను తాను ఏర్పరచుకొను యంత్రమును అతడు కల్పించి 1891లో పేటెంటు పొందినది నిజము. 1892లో ఇండియానా రాష్ట్రమందలి లా పోర్ట్ అను ఊర అది పనిచేయ నారంభించెను. మనదేశమున తొలి స్వయంచాలక ఎక్స్‌చేంజి 1913-14లో సిమ్లాలో వెలసినది; దొరలు వేసవి గడపు చోటు గదా! పల్లెలకు ఆ సదుపాయము రావలెనన్న 1984 ఆగస్టులో సీడాట్ అను ప్రభుత్వ పరిశోధనసంస్థ ఏర్పడువరకు ఆగవలసివచ్చినది. దుమ్మునకు, ఎండకు ఓర్చి, చల్లనిగది అక్కరలేక నడచు 128 తీగల చిన్న ఎక్స్‌చేంజిని ఆ సంస్థవారు తయారుచేసి, 1986లో కర్ణాటకములోని కిత్తూరులో తొలుత నిలిపిరి. మన కడపసీమ వేసవిలో ఏ యంత్రమునైనను పరీక్షింపవలసినది ముందుగా దుమ్ముతోడను, ఎండతోడనే యని నా యభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది మనుష్యుల మాటలకు త్రోవ. కంప్యూటర్ల మాట వేరుతీరు. మనము ఫోనులో మాటలాడునంతసేపు ఆ త్రోవ మనదే. మౌనముగా నున్నను దానిని మరియొకరు వాడరాదు. కంప్యూటరు క్షణకాలము గుప్పున మాటలాడి, గంటసేపు ఊరకుండును. దానికొరకు త్రోవ కట్టిపెట్టుట దండుగ. కావున వార్తను చిన్నచిన్న కట్టలుగా త్రెంచి, ఒక్కొక్క కట్టపైన చేరవలసిన చిరునామా వ్రాసి, ఉత్తరములవలె పంపవచ్చునని 1960 తరువాతి దశాబ్దమున అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ వేర్వేరుగా ఆలోచించిరి. ఆ కట్టకు ప్యాకెట్టని పేరుపెట్టినవాడు డేవిస్.

ఉత్తరములున్నవి సరే, వాటిని ఒకే కచేరిలోని యంత్రముల నడుమ పంచుటెట్లు? ఇచ్చట చరిత్రము పసిఫిక్ సముద్రమధ్యమందలి హవాయి దీవులకు పోవును. అచ్చటి విశ్వవిద్యాలయములో నార్మన్ అబ్రామ్సన్ 1971లో దీవుల నడుమ కంప్యూటర్లను రేడియోతో కలిపెను. అందరికిని ఒకటే రేడియో దారి. ఎవరికి తోచినప్పుడు వారు పలుకుదురు. ఇరువురు ఒక్కసారి పలికినచో రెండును చెడును. చెడినదని తెలిసిన మరల పలుకుదురు. దీనిని చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ అను యువకుడు కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీవారి పరిశోధనాలయమున, 1973 మే 22వ తేదీన ఒక లేఖ వ్రాసి, అదే పద్ధతిని రేడియోకు బదులు ఒక లావుపాటి తీగమీద నడపవచ్చునని ప్రతిపాదించెను. డేవిడ్ బాగ్స్ అతనికి తోడుపడెను. ఆ తీగకు ఈథర్ అని పేరిడిరి. వెలుతురు ప్రసరించుటకు ఆధారముగా లోకమంతట నిండిన ఒక సూక్ష్మపదార్థము కలదని పాశ్చాత్యులు పూర్వము తలచి దానికి పెట్టిన పేరది. అట్టిది యున్నదనుటకు ఆధారము 1887లో మైకెల్సన్, మోర్లీల పరీక్షకు దొరకలేదు; పేరు మాత్రము యిట్లు మరల బ్రతికినది. మన తార్కికులు శబ్దమునకు ఆశ్రయము ఆకాశమనిరి. ఆ లెక్కన దీనిని ఆకాశవల అనవచ్చును.

దీని పద్ధతి తెలియవలెనన్న మన రచ్చబండకంటె మంచి యుదాహరణము లేదు. పదిమంది కూర్చుండియున్నారు. అధ్యక్షుడు లేడు, వంతులు లేవు. మాటలాడదలచినవాడు ముందు చెవియొగ్గి వినును. ఎవరైన మాటలాడుచున్నచో ఊరకుండును. నిశ్శబ్దము కలిగినప్పుడు తాను మొదలిడును. ఆ నిశ్శబ్దమునే కనిపెట్టియున్న మరియొకడు అదే క్షణమున నోరు తెరచినచో, ఇద్దరును "మీరు కానిండు" అని ఆగుదురు. ఇచ్చట మెట్‌కాఫ్ ఒక కిటుకు చేసెను. ఆగిన యిద్దరును ఒకే యంతసేపు కాచికొన్నచో మరల ఒక్కసారే మొదలిడుదురు గదా? కావున ఒక్కొక్కడు తనలో తాను చీటివేసికొనునట్లు ఎంతసేపు ఆగవలెనో నిశ్చయించుకొనవలెను; మరల ఢీకొన్నచో ఆగు గడువు రెట్టింపు వరకు పెరుగవచ్చును. పదునారు మారులు ప్రయత్నించియు సందు దొరకనిచో ఆ కట్టను విడువవలెను. పెద్ద యొకడు లేకుండనే మర్యాద నిలుచుటకు చేసిన యేర్పాటిది. జిరాక్స్, డిజిటల్, ఇంటెల్ అను మూడు కంపెనీలు 1980లో దీనిని కలిసి ప్రకటించెను. 1983లో అమెరికా ఇంజనీర్ల సంఘమువారు ప్రమాణముగా అంగీకరించిరి.

రచ్చబండకు రెండు లోపములున్నవి. మంది పెరిగినకొలది మాటలకంటె ఆగుటలు హెచ్చును. ఒకరికి చెప్పినది అందరును విందురు, రహస్యము లేదు. ఈ రెండు లోపములను తీర్చినదే స్విచ్చి. మొదట డిజిటల్ కంపెనీవారు రెండు తీగల నడుమ వంతెనవలె ఒక యంత్రమునుంచి, ఈవలి మాట ఆవలివారికి కావలసినప్పుడే దాటనిచ్చిరి. అటుతరువాత 1990లో కాలిఫోర్నియాలోని యొక చిన్న కంపెనీ, ఏడు రంధ్రములుగల పెట్టెను విక్రయించి, దానికి ఈథర్‌స్విచ్చి యని పేరిడెను. ఆ కంపెనీ పేరు కల్పన. భారతీయ సంతతివాడగు వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ అనువారు దానిని స్థాపించి, భరద్వాజ్ భార్యపేరు పెట్టిరి. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసినది. నేడు లోకమంతటను గోడలకు వ్రేలాడు ఈ పెట్టెల వంశవృక్షమున మొదటికొమ్మకు మన యింటి ఆడపడుచు పేరుండుట పలువురికి తెలియదు.

పెట్టె లోపల జరుగు పని యిది. లోకమున తయారగు ప్రతి ఈథర్నెట్ యంత్రమునకును పండ్రెండు అక్షరముల సంఖ్య యొకటి కర్మాగారముననే వేయబడును. మొదటి ఆరు తయారీదారుని గుర్తు, తక్కిన ఆరు ఆ యంత్రపు గుర్తు. ప్రతి కట్టమీదను పంపినవాని సంఖ్య, పొందవలసినవాని సంఖ్య యుండును. పెట్టె మొదట ఏమియు ఎరుగదు. మూడవ రంధ్రమునుండి ఒక కట్ట వచ్చినచో, పంపినవాని సంఖ్య చూచి, "వీడు మూడవ యింటివాడు" అని తన పట్టికలో వ్రాసికొనును. పొందవలసినవాడు ఎచ్చటనున్నాడో తెలియనిచో, వచ్చిన రంధ్రము తప్ప తక్కిన అన్నిటికిని ఆ కట్టను పంపును. వారిలో కావలసినవాడు ప్రత్యుత్తరమిచ్చినప్పుడు వాని యిల్లును వ్రాసికొనును. ఆపైన ఆ యిద్దరి మాటలు ఆ రెండు రంధ్రముల నడుమనే సాగును. ఐదు నిమిషములు ఒకడు పలుకకున్నచో వాని పేరు పట్టికనుండి కొట్టివేయుట సామాన్యపు అలవాటు. ఊరికి క్రొత్తగా వచ్చిన తపాలా జవాను మూడుదినములలో ఇండ్లను గుర్తుపట్టినట్లే. మొదటినాడు వీథియంతయు కేకవేయును. తరువాత నేరుగా గుమ్మముకడకే పోవును. పూర్వపు స్టేషనుమాష్టరు తంతిమీద అడుగుట, పాయింట్సుమను పట్టా మరల్చుట, గుమాస్తా పుస్తకమున వ్రాయుట మూడును ఒక్క పెట్టెలోనికి వచ్చినవి.

ఇక అసలు కష్టము. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లె మొదలైన రాజంపేట ప్రాంతపు గ్రామములు వరదపాలైన సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు. ప్రాణములు పోయినవి, ఇండ్లు కొట్టుకొనిపోయినవి, కరెంటు స్తంభములు ఒరిగినవి, రైలుకట్ట దెబ్బతిని బండ్లు వేరుదారుల మళ్ళింపబడినవి. దారి యొకటే యున్నచోట అది తెగిన యూరు లోకమునకు దూరమగును. తీగల విషయమునను అంతే. కావున బుద్ధిమంతుడు రెండుదారులు కలుపును: ఒకటి తెగిన రెండవది యుండునని.

కాని ఈథర్నెట్టున రెండుదారులు కలిపినంతనే వలయ మేర్పడును. పైన చెప్పితిని గదా, చిరునామా తెలియని కట్టను పెట్టె అన్నివైపులకు పంపునని. మొదటి పెట్టె రెండుదారులలోను పంపును. రెండవ పెట్టె ఒకదారిని వచ్చినదానిని మరియొకదారిని వెనుకకు పంపును. అది మరల మొదటిదానికి వచ్చును. తపాలా ఉత్తరమైనచో నలిగి చినిగి ఆగును; ఈ కట్టకు ముసలితనము లేదు, ఎన్నిమారులు తిరిగినదో లెక్క దానిమీద నుండదు. అది తిరుగుచు తిరుగుచు పిల్లలుపెట్టి, కన్నుమూసి తెరచునంతలో తీగలన్నియు వాటితోనే నిండి, ఒక్క నిజమైన మాటకును సందుండదు. ఇంజనీర్లు దీనిని తుపానందురు. దీనికి వరదలు రానక్కరలేదు. ఊడిన తీగ కనబడగా మంచిమనస్సుతో ఎవరో దాని రెండుకొనలను ఒకే పెట్టెలో గ్రుచ్చినను చాలును.

దీనికి మందు కనుగొన్నది ఒక స్త్రీ. డిజిటల్ కంపెనీలో నుండిన రేడియా పెర్ల్‌మన్ 1985లో ప్రకటించిన పద్ధతి సారాంశమిది. పెట్టెలన్నియు తమలో తాము మాటలాడుకొని ఒకదానిని మూలముగా ఎన్నుకొనవలెను. ప్రతి పెట్టెయు ఆ మూలమునకు తనకు దగ్గరిదారి యొక్కటి మాత్రము తెరచియుంచి, వలయము కలిగించు తక్కినదారిని మూసివేయవలెను. మూసినది తెగినది కాదు, కాచికొనియుండునది. మూలము రెండు సెకండ్లకొకమారు "నేనున్నాను" అని పలుకుచుండును. ఆ పలుకు రానప్పుడు దారి తెగినదని యెంచి, మూసిన దారిని తెరతురు. వేళ్లు, మ్రాను, కొమ్మలు గల చెట్టులో ఏ రెండు ఆకుల నడుమనైనను ఒకటే దారి యుండును, వలయముండదు. అందుచే దీనికి వృక్షపద్ధతి యని పేరు. ఆమె తన శాస్త్రవ్యాసమునకు ముందు ఒక చిన్న పద్యముకూడ వ్రాసి చేర్చెను. ఇది 1990లో ప్రమాణమైనది. మరింత వేగముగా కోలుకొను రూపము 2001లో వచ్చినది.

మూలమును ఎన్నుకొను విధమున ఒక చమత్కారమున్నది. మనుష్యుడు ఏ పెట్టె పెద్దదో ముందుగా నిర్ణయించి అంకె వేయనిచో, అన్నిటికిని సమానపు అంకెయే యుండును. అప్పుడు కర్మాగారపు సంఖ్య చిన్నదైన పెట్టె పెద్దరికము పొందును. చిన్నసంఖ్య తరచుగా పాతపెట్టెకే యుండును. కావున ఎవరును పట్టించుకొనని వలలో, మూలన దుమ్ముపట్టిన ముసలి పెట్టెయే అందరికిని దారిచెప్పు పెద్దయై కూర్చుండును. పెద్దలు నన్ను మన్నింపవలెను; వయస్సుచేతనే పెద్దరికమిచ్చుట యంత్రములలో మాత్రము మంచిది కాదు.

ఈ పద్ధతికి హద్దుకూడ కలదు: ఒక కొననుండి మరియొక కొనకు ఏడు పెట్టెలకు మించరాదని తొలినాటి ప్రమాణమున సూచింపబడినది. హద్దు మీరిన ఫలము 2002 నవంబరులో అమెరికాలోని బాస్టన్ నగరమున బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రివారు అనుభవించిరి. ఏండ్లతరబడి ఒకదానికొకటి అంటుకట్టుచు పెంచిన వల వారిది. ఒకనాడు పరిశోధకునొకని భారీ వార్తాప్రవాహమునకు అది తలక్రిందులయ్యెను. రమారమి నాలుగు దినములు వైద్యులు కంప్యూటర్లు విడిచి కాగితములమీద మందులు వ్రాసిరి. పరీక్షాఫలితములను మనుష్యులు చేతబట్టుకొని పరుగెత్తిరి. ఆ ఆస్పత్రి కంప్యూటరు శాఖాధిపతి జాన్ హలంకా ఈ కథను దాచక లోకమునకు చెప్పెను. అట్టివారు అరుదు. ఆయన చెప్పుటచేతనే మనము నేర్చుకొనగలిగితిమి.

ఈ పెట్టె మన తెలుగుసీమ కచేరీలకు వచ్చిన విధము చూతము. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేసినది. ఆ రద్దు మంచిదా కాదా యను వాదము నేను తలకెత్తుకొనను. ఒక్కమాట మాత్రము చెప్పుదును. ఏ పొలము ఎవరి యనుభవమున నున్నది, ఏ గట్టు ఎవరిది అను సంగతులు కొన్ని కరణపు పుస్తకములలోను, కొన్ని ఆయన తలలోను ఉండెడివి. పుస్తకములు తాలూకా కచేరికి చేరినవి, తలలోనివి చేరలేదు. తరువాత 1998 నవంబరు 4వ తేదీన రిజిస్ట్రేషను శాఖలో కార్డ్ అను కంప్యూటరు పద్ధతి రాష్ట్రమందలి 214 కచేరీలలో ప్రారంభమైనది. కచేరిలోని కంప్యూటర్లు తీగలచే కలుపబడి, దినములు పట్టుచుండిన ఈసీ నిమిషములలో చేతికి రాసాగెను. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబరు గ్రిడ్డు, కరెంటు స్తంభములవెంట వేలకొలది మైళ్లు గాజుతీగ నడిపినది. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు వెలసినవి. ఒకప్పుడు కరణపు చావడిలో నుండిన కూడలి యిప్పుడు సచివాలయపు గోడమీదికి వచ్చినది.

మరి దానిని ఏలువారెవరు? అంగడిలో రెండురకముల స్విచ్చీలు దొరకును. చౌకరకమునకు ఆజ్ఞలు చెప్పుటకు వీలులేదు. తీగ గ్రుచ్చిన పనిచేయును, వలయ మేర్పడిన చెడును. పైరకము ఆజ్ఞలు వినును. ఆ ఆజ్ఞలను కూర్చుటయే కాన్ఫిగరేషను. చెరువుక్రింద ఏ మడికి ఏ జామున నీరు వదలవలెనో నీరుగంటి యెరిగినట్లు, ఏ రంధ్రమునకు ఏ హక్కున్నదో దీనిని ఏర్పరచువాడు ఎరిగియుండవలెను.

అందు మొదటిది విభజన. ఒకే యింటిని అన్నదమ్ములు గోడపెట్టి పంచుకొన్నట్లు, ఒకే పెట్టెను లోలోపల వేర్వేరు పెట్టెలుగా విడదీయవచ్చును. 1998లో ఏర్పడిన ప్రమాణముచొప్పున ఇట్టి భాగములకు 4094 సంఖ్యలవరకు ఇయ్యవచ్చును. ఉద్యోగుల కంప్యూటర్లొక భాగము, గోడమీది కెమెరాలొక భాగము, వచ్చినవారు ఫోను కలుపుకొను వైఫై యొక భాగము. ఒక భాగమునుండి మరియొకదానికి వార్త పోవలెనన్న రౌటరు అను వేరుయంత్రము గుమ్మమున నిలిచి అనుమతింపవలెను. ఈ గోడ లేనిచోట, వరండాలో కూర్చున్న అపరిచితుని ఫోను మన భూమి లెక్కలున్న యంత్రముతో ఒకే రచ్చబండమీద నున్నట్లే.

రెండవది తాళము. కర్మాగారమున పెట్టి పంపు సంకేతపదము లోకమంతటికి తెలిసినదే, తెచ్చిననాడే మార్చవలెను. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము, మార్చని సంకేతపదములతోనే లక్షలకొలది కెమెరాలను, రౌటర్లను తెరచి తన దండులో చేర్చుకొనినది. దూరమునుండి ఆజ్ఞలిచ్చునప్పుడు టెల్నెట్ అను పాతపద్ధతి పోస్టుకార్డువంటిది. సంకేతపదము దారిలో ఎవరైన చదువవచ్చును. ఒక విశ్వవిద్యాలయపు వలలో ఇట్లే సంకేతపదములు దొంగిలింపబడగా, తాతు ఇలోనెన్ 1995లో ఎస్.ఎస్.హెచ్. అను అంటించిన కవరువంటి పద్ధతిని కల్పించెను. వాడని రంధ్రములను ఆజ్ఞచే మూసివేయుటయు తాళములోనిదే.

మూడవదానిని అందరును ఉపేక్షింతురు: వ్రాత. అనేక స్విచ్చీలలో మనమిచ్చిన ఆజ్ఞ వెంటనే అమలగును గాని, అది పలకమీద వ్రాసినట్టిది. "దీనిని భద్రపరచుము" అని వేరుగా ఆజ్ఞాపించిననే అడంగలులో ఎక్కినట్లగును. లేనిచో కరెంటు పోయి వచ్చినంతనే పలక తుడువబడి, పెట్టె పాత ఆజ్ఞలతో మేల్కొనును. కరెంటు రాకపోకలు మిక్కుటమగు మన సీమలో ఇది చిన్నమాట కాదు. భద్రపరచిన దానికి నకలు మరియొకచోట నుంచవలెను. పెట్టె పిడుగుకు కాలినచో క్రొత్తదానికి అదే ప్రాణమిచ్చును. ఏ తీగ ఏ రంధ్రమున గ్రుచ్చబడినది, ఏ బల్లకు పోవుచున్నదను గుర్తు తీగకు రెండుకొనల కట్టవలెను. 2023 జూన్ 2వ తేదీన ఒడిశాలో బాలాసోరు సమీపమున బహనాగా బజారు స్టేషనుకడ కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రక్కపట్టామీదికి మరలి, నిలిచిన గూడ్సును ఢీకొని, 290కి పైగా ప్రాణములు పోయినవి. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలిన కారణములలో, సిగ్నలు పెట్టెలోని తీగలకు ఏండ్లుగా తప్పుపేర్లు వ్రాసియుండుటయు, మరమ్మతువేళ వాటిని తప్పుగా కలుపుటయు ప్రధానమైనవి. శాక్స్‌బీ పెనవేసిన యంత్రమైనను తప్పు చీటిని చదువలేదు.

సంకేతపదము ఒక్కనికే తెలిసి, అతడు బదిలీయై పోయినచో, ఆ పెట్టె తాళము పోయిన భోషాణమువంటిది. దానిని తెరచుటకు చాలరకములలో ఉన్న ఆజ్ఞలన్నిటిని తుడిచి మొదటినుండి ఏర్పరచుకొనవలసి వచ్చును. కరణపు తలలో నుండి రాని లెక్కలవంటివే ఇవియు. అందుచే సంకేతపదము, విభజనపట్టిక, తీగలపటము కవరులో పెట్టి ముద్రవేసి కచేరి బీరువాలో నుంచుట కొన్నిచోట్ల ఆచారము. మీ గ్రామపు సచివాలయములో అట్టి కవరున్నదా యని మీరు మర్యాదగా అడుగవచ్చును. కవరులో నేమున్నదని అడుగరాదు. ఉన్నదా యని అడుగవచ్చును.

చివరకు నిత్యము జరుగు సంగతి యొకటి. కరెంటు వచ్చినతోడనే కంప్యూటరు వెలుగును గాని నెట్టు రాదు. గుమాస్తా తొందరపడి పెట్టె తీగను పెరికి మరల గ్రుచ్చును. పాత వృక్షపద్ధతిలో పెట్టె ప్రతి రంధ్రముకడను పదునైదు సెకండ్లు వినుటకు, పదునైదు సెకండ్లు ఇండ్లు గుర్తుపట్టుటకు తీసికొని, వలయము లేదని తేల్చుకొనిన పిమ్మటనే దారి తెరచును. తీగ పెరికిన ప్రతిమారును ఆ లెక్క మొదటికి వచ్చును. కొన్ని పెట్టెలలో అంతసేపు దీపము నారింజరంగుగా నుండును. దారి తెరువగానే ఆకుపచ్చనగును. క్యూలో నిలిచినవారు అరనిమిషము ఆ దీపమును చూచుచుండిన చాలును.